చిన్న దీవుల టెన్నిస్, మన అనంతపురం టెన్నిస్



టెన్నిస్ బంతి తెలియనివాళ్లు మన హాస్టల్లో లేరు. ఆదివారం పొద్దు వాలినాక మనం క్రికెట్టు ఆడేది దాంతోనే. ముళ్లకంపల్లో పడి పైబొచ్చు ఊడిపోయి, చివరికి రెండు చిప్పలయ్యేదాకా దాన్ని వదిలిపెట్టం. కానీ ఆ బంతి ఏ ఆట కోసం పుట్టిందో ఆ ఆట మాత్రం మనలో ఎవరూ ఆడలేదు. టీవీలో చూసినవాళ్లున్నారు. చూసి, "అది ఉన్నోళ్ల ఆటలేప్పా" అని ఛానలు మార్చేస్తారు.

ఆ మాట ఎంతవరకు నిజమో చూడటానికే ఈ పాఠం. ఇందులో రెండు చోట్ల సంగతులు వస్తాయి. ఒకటి పసిఫిక్ మహాసముద్రంలోని చిన్న చిన్న దీవుల దేశాలు. రెండోది మన పక్కనే ఉన్న అనంతపురం. ఒకదానికొకటి సంబంధం ఏముందని అనుకోవద్దు. చిన్నచోటికి ఒక పెద్ద ఆట ఎట్ల చేరుతుంది, ఎవరు చేరవేస్తారు అనే ప్రశ్న రెండు చోట్లా ఒకటే. మన చోటుకూ అదే ప్రశ్న.

ముందు ఆటస్థలం ఎంతుంటుందో తెలుసుకుందాం. టెన్నిస్ కోర్టు పొడవు 78 అడుగులు. ఒకరికొకరు ఆడే సింగిల్స్‌కైతే వెడల్పు 27 అడుగులు. ఇద్దరిద్దరు ఆడే డబుల్స్‌కు 36 అడుగులు. అంకెలు గుర్తుండవు అనేవాళ్లకు ఒక ఉపాయం చెప్తాను. మన లేపాక్షి బసవన్న పొడవు ఎంత? 27 అడుగులు. అంటే బసవన్నను ఎత్తుకొచ్చి కోర్టుకు అడ్డంగా పడుకోబెడితే సింగిల్స్ గీతకూ గీతకూ మధ్య సరిగ్గా సరిపోతాడు. పొడవుకైతే అట్లాంటి బసవన్నలు ముగ్గురు కావాలి, మూడోవాడి తోక ఒక మూడడుగులు బయటికి వస్తుంది. మధ్యలో కట్టే వల నడిమిన 3 అడుగులు, రెండు కొసల గుంజల దగ్గర మూడున్నర అడుగుల ఎత్తు ఉంటుంది.

ఇంగ లెక్క. మొదటి పాయింటుకు 15, రెండోదానికి 30, మూడోదానికి 40. ఇదేం లెక్కరా అని నేనూ అనుకున్నాను. పాతకాలం నుండి వచ్చిన అలవాటు, అంతే. నాలుగో పాయింటు గెలిస్తే ఒక గేమ్. ఇద్దరూ 40 దగ్గర సమానమైతే ఆ తర్వాత రెండు పాయింట్లు వరసగా గెలిచినవాళ్లదే గేమ్. ఆరు గేములు గెలిస్తే ఒక సెట్టు, అయితే ఎదుటివాళ్ల కంటే రెండు గేములు ఎక్కువ ఉండాలి. ఇంతకు మించి ఈ పాఠానికి అక్కరలేదు.

ఇప్పుడు అట్లాసు తెరవండి. లైబ్రరీలో ఉన్న అట్లాసులో పసిఫిక్ మహాసముద్రం పుట చూస్తే అంతా నీలమే. ఆ నీలంలో సూది మొనతో గుచ్చినట్టు చుక్కలు, చుక్కల కంటే పెద్దగా పేర్లు. అవే ఈ పాఠంలోని దేశాలు. తువాలు అనే దేశం మొత్తం నేల 26 చదరపు కిలోమీటర్లు, జనం 11 వేలకు అటూ ఇటూ. 2011 జనాభా లెక్కల్లో మన హిందూపురం పట్టణంలోనే లక్షన్నర మంది ఉన్నారు. అంటే ఆ దేశాలు పదమూడు కలిపితే ఒక హిందూపురం. తువాలులో అన్నిటికన్నా ఎత్తైన చోటు సముద్రమట్టం మీద 15 అడుగులే. మన బసవన్న ఎత్తు ఎంతో గుర్తుందా? అదీ 15 అడుగులే! ఆయన మూపురం మీద కూర్చుంటే ఆ దేశంలోని పెద్ద కొండ మీద కూర్చున్నట్టే. ఇది రాసేటప్పుడు నాకే నవ్వొచ్చింది, కానీ సముద్రం కొంచెం పొంగినా వాళ్ల ఇళ్లలోకి నీళ్లొస్తాయని చదివినాక నవ్వు రాలేదు.

అంత కొంచెం నేల ఉన్నచోట మైదానానికి జాగా యాడ దొరుకుతుంది? తువాలు రాజధాని ఫునాఫుటిలో విమానాలు దిగే పట్టీయే సాయంత్రం పిల్లలకు ఆటస్థలం. వారానికి కొన్ని విమానాలే వస్తాయి. వచ్చేముందు సైరన్ మోగిస్తారు, అందరూ పక్కకు తప్పుకుంటారు. విమానం దిగినాక మళ్లీ ఆట. ఈ విషయంలో మనమే నయం. ముళ్లకంపలున్నా మన మైదానంలో ఎప్పుడూ విమానం దిగలేదు.

కిరిబాటి అనే ఇంకో దేశం కష్టం వేరే రకం. దానికి 33 దీవులు. జనం లక్షా పాతికవేలకు దగ్గర. కానీ ఆ దీవులు చెల్లాచెదరుగా పడివున్న సముద్రం 35 లక్షల చదరపు కిలోమీటర్లు. మన భారతదేశం మొత్తం 33 లక్షలకు కొంచెం తక్కువ. భారతదేశమంత నీళ్లలో హిందూపురం కంటే తక్కువ జనాన్ని చల్లితే ఎట్లుంటుందో అట్లుంటుంది. ఒక దీవి కుర్రవాడు ఇంకో దీవి కుర్రవాడితో పోటీ ఆడాలంటే ముందు పడవ దొరకాలి.

నౌరు, టోంగా, సమోవా, కుక్ దీవులు, మార్షల్ దీవులు, సాలమన్ దీవులు, వనువాటు, పలావు... ఇట్ల ఇంకా ఉన్నాయి. వీటిలో చాలావాటికి విడిగా ఒక టెన్నిస్ సంఘం పెట్టుకుని, కోచ్‌ను పెట్టుకుని, విదేశాలకు జట్టును పంపే శక్తి లేదు. ఆడగలిగే కుర్రవాళ్లు ఉండరని కాదు. ఒకరో ఇద్దరో ఉంటారు. వాళ్లకు ఎదురుగా నిలబడి ఆడేవాళ్లు ఉండరు. టెన్నిస్‌లో ఇదే పెద్ద చిక్కు. పరుగుపందెమైతే ఒక్కడే సాధన చేసి గడియారం చూసుకోవచ్చు. టెన్నిస్‌కు తన కంటే కొంచెం మెరుగైనవాడు వల అవతల ఉండాలి, లేకపోతే ఎదుగుదల ఆగిపోతుంది.

ఈ చిక్కు తీర్చడానికి ఏర్పడిందే ఓషియానియా టెన్నిస్ సమాఖ్య. ప్రపంచమంతటికీ కలిపి అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య అని ఒకటుంది. అది 1913లో పారిస్ నగరంలో 12 దేశాలతో మొదలైంది. దాని కింద ఆరు ప్రాంతీయ సంస్థలు: ఆసియా, ఆఫ్రికా, యూరప్, దక్షిణ అమెరికా, మధ్య అమెరికాతో కలిపి కరీబియన్ దీవులు, ఆరోది ఓషియానియా. మనం ఆసియా కిందికి వస్తాం. ఓషియానియాలో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ అనే రెండు పెద్ద దేశాలతోపాటు పైన చెప్పిన చుక్కలన్నీ సభ్యులు. ఒకే పంక్తిలో ఏనుగులూ చీమలూ కూర్చున్నట్టు. మెల్‌బోర్న్‌లో జనవరి నెలలో లక్షలమంది చూసే ఆస్ట్రేలియన్ ఓపెన్ జరిగేది కూడా ఈ ప్రాంతంలోనే. అదే ప్రాంతంలో ఒక దీవిలో పిల్లలకు బంతులు దొరకవు.

మరి ఈ సమాఖ్య చేసే పని ఏమిటి? కప్పులు పంచడం, ఫోటోలు దిగడం అనుకుంటాం. అసలు పని అందులో లేదు. మూడు పనులు ముఖ్యం అని నాకు తోచింది.

సామాను పంపడం మొదటిది. రాకెట్లు, చిన్నపిల్లల బంతులు, వలలు. ఇది తేలికగా కనబడుతుంది గానీ టెన్నిస్ బంతి లోపల గాలి ఒత్తిడితో ఉంటుంది, వాడినా వాడకపోయినా రోజురోజుకూ చచ్చిపోతుంది. కాబట్టి ఒకసారి పంపి చేతులు దులుపుకుంటే కుదరదు. పంపుతూనే ఉండాలి.

రెండోది అక్కడివాళ్లనే నేర్పేవాళ్లుగా తయారు చేయడం. నా లెక్కలో ఇదే అన్నిటికన్నా గొప్పది. ఆస్ట్రేలియా నుండి ఒక పెద్ద కోచ్ వచ్చి వారం రోజులు నేర్పి విమానం ఎక్కిపోతే ఎనిమిదో రోజు పిల్లలు ఏం చేస్తారు? అందుకని ఆ దీవి బడిలోని టీచర్లకే శిక్షణ ఇచ్చి, పధ్నాలుగేళ్ల లోపు పిల్లలకు బడిలోనే మొదలుపెట్టించే పథకం ప్రపంచ సమాఖ్య నడుపుతుంది. టీచరు ఊళ్లోనే ఉంటాడు. ఆయనకు ఆట పూర్తిగా రాకపోయినా మొదటి మెట్టు ఎక్కించగలిగితే చాలు.

మూడోది పైకి పోవడానికి దారి వేయడం. దగ్గర దగ్గర దీవుల పిల్లలు ముందు తమలో తాము పోటీపడతారు. అందులో నెగ్గినవాళ్లు పసిఫిక్ ఓషియానియా జూనియర్ పోటీలకు పోతారు. మన స్కూల్ గేమ్స్‌లో మండలం, డివిజను, జిల్లా, రాష్ట్రం అని మెట్లుంటాయి చూడండి, అట్లనే. తేడా ఏమంటే మనం మండలం నుండి డివిజనుకు పోవాలంటే బస్సు చాలు. తువాలు పిల్లవాడు ఫిజీకి పోవాలంటే సముద్రం మీద సుమారు వెయ్యి కిలోమీటర్లు, అంటే హిందూపురం నుండి హైదరాబాదుకు ఉన్న దూరానికి రెండింతలు, విమానంలో పోవాలి. ఆ టిక్కెట్టు ఎవరు కొంటారు అన్నదే అసలు ప్రశ్న.

డబ్బు యాడ నుండి వస్తుందో కూడా తెలుసుకోవాలి. టెన్నిస్‌లో నాలుగు పెద్ద పోటీలున్నాయి: మెల్‌బోర్న్, పారిస్, లండన్‌లోని వింబుల్డన్, న్యూయార్క్. ఈ నాలుగింటి రాబడిలో కొంత తీసి, టెన్నిస్ ఎదగని దేశాల కోసం 1986 నుండి ఒక నిధి నడుపుతున్నారు. పెద్ద పండగల్లో వచ్చిన రాబడిలో ఒక పాలు చిన్నచోట్లకు పోతుందన్నమాట. పెద్దవాళ్లు దయతో చేశారా, కొత్త ఆటగాళ్లు పుట్టకపోతే తమ ఆటకే నష్టమని చేశారా అంటే రెండూ ఉంటాయి. ఎందుకు చేసినా డబ్బు చేరుతున్నదా లేదా అని చూడటమే మంచిదని నా అభిప్రాయం.

ఫిజీ దేశంలోని లౌటోకా పట్టణంలో దీవులన్నిటికీ కలిపి ఒక ప్రాంతీయ శిక్షణ కేంద్రం పెట్టారు. ఒక్కో దీవిలో ఒకరిద్దరు చొప్పున ఉన్న మంచి పిల్లల్ని ఒకచోటికి చేర్చి, అక్కడే ఉంచి, చదివిస్తూ ఆడించడం దాని పద్ధతి. ఇది చదవగానే నాకు మన హాస్టలే గుర్తొచ్చింది. కదిరి వైపు తండా నుండి ఒకరు, ముదిగుబ్బ వైపు నుండి ఒకరు, గోరంట్ల వైపు నుండి ఒకరు, అందరం ఒక కప్పు కింద చేరలేదా? చెల్లాచెదరుగా ఉన్నవాళ్లకు హాస్టల్ కంటే మంచి ఉపాయం ఇంకా ఎవరూ కనిపెట్టలేదేమో! పాపువా న్యూగినియా దేశపు అబిగయిల్ తెరె-అపిసా అనే అమ్మాయి అట్ల లౌటోకాలో సాధన చేసి, అమెరికాలోని జార్జియా స్టేట్ విశ్వవిద్యాలయానికి పోయి చదువుతూ ఆడి, ఆ తర్వాత వృత్తి క్రీడాకారిణి అయింది.

లౌటోకా పేరు తెలుగువాళ్లు మరచిపోకూడని పేరు కూడా. ఇది టెన్నిస్ సంగతి కాదు, అయినా ఇంత దూరం వచ్చి చెప్పకుండా పోలేను. ఇంగ్లీషువాళ్ల పాలనలో ఫిజీ చెరకు తోటలకు మన దేశం నుండి కూలీలను ఓడల్లో తీసుకుపోయేవారు. 1879 నుండి 1916 వరకు 60 వేలకు పైగా మంది పోయారు. 1903 నుండి మద్రాసు రేవు ద్వారా కూడా పోవడం మొదలైంది. అందులో విశాఖ, గోదావరి, కృష్ణా జిల్లాల తెలుగువాళ్లు, మన పక్కనున్న పాత ఉత్తర ఆర్కాటు జిల్లావాళ్లు ఉన్నారు. అదే 1903లో లౌటోకాలో పెద్ద చక్కెర మిల్లు తెరిచారు. ఐదేళ్ల ఒప్పందం కాగితాన్ని వాళ్లు 'గిర్మిట్' అన్నారు, ఎగ్రిమెంట్ అనే మాట నోట్లో నలిగి అట్లయింది. తిరిగిరానివాళ్లు అక్కడే నిలిచిపోయి, 1926లో నాడి అనే ఊరిలో దక్షిణ భారతీయులంతా కలిసి సంగం ఒకటి పెట్టుకున్నారు. తెలుగు, తమిళం, మలయాళం అని విడిపోకుండా ఒకటిగా పెట్టుకున్నారు. అది ఇప్పటికీ బడులు నడుపుతున్నది. కొద్దిమందిమి కాబట్టి కలిసి ఉండాలి అనే బుద్ధి మనోళ్లకు అప్పుడే వచ్చిందన్నమాట.

ఇప్పుడు కలిసి ఆడటం గురించి. మగవాళ్లలో దేశాల మధ్య పోటీకి డేవిస్ కప్ అని పేరు, 1900లో మొదలైంది. ఆడవాళ్లకు ఉన్నదాన్ని ఇప్పుడు బిల్లీ జీన్ కింగ్ కప్ అంటున్నారు. వీటిలో ఆడాలంటే జట్టుకు నలుగురైదుగురు గట్టివాళ్లు కావాలి. చిన్న దీవులకు అంతమంది లేరు కాబట్టి అందరినీ కలిపి 'పసిఫిక్ ఓషియానియా' పేరుతో ఒకే జట్టు చేశారు. 1990ల నుండి ఇట్ల ఆడుతున్నారు. సాలమన్ దీవుల మైకేల్ లియాంగ్, వనువాటు నుండి సిరిల్ జాకోబ్, కుక్ దీవుల నుండి బ్రెట్ బాడినెట్ వంటివాళ్లు ఆ జట్టులో ఆడారు. మన బడి నుండి ఖోఖోకు ముగ్గురు, ఇంకో బడి నుండి నలుగురు ఎంపికై జిల్లా జట్టుగా పోయినట్టే.

ఇక్కడ నాకొక సందేహం ఉంది, దాచుకోను. దేశం తరఫున ఆడుతున్నాను అంటే గుండె పొంగుతుంది. మరి ఆ సాలమన్ దీవుల కుర్రవాడు గెలిస్తే ఎవరి జెండా ఎగురుతుంది? అతని దేశం పేరు స్కోరు పలకమీద ఉండదు. అతని ఊరివాళ్లు పేపరు చూస్తే 'పసిఫిక్ ఓషియానియా గెలిచింది' అని ఉంటుంది. ఇది కొంచెం లోటే. కొందరు మిత్రులతో వాదించినప్పుడు, "జెండా లేకపోతేనేం, ఆడటానికి చోటు దొరికింది గదా" అన్నారు. అదీ నిజమే. దీనికొక మార్గం కూడా ఉంది. నాలుగేళ్లకొకసారి జరిగే పసిఫిక్ క్రీడల్లో ప్రతి దీవీ తన పేరుతోనే, తన జెండాతోనే ఆడుతుంది. 1963లో ఫిజీలోని సువాలో మొదలైన ఆ క్రీడలు 2023లో సాలమన్ దీవుల్లో జరిగాయి. ఇంట్లో ఎవరి పేరు వాళ్లది, బయటి ప్రపంచానికి అందరిదీ ఒక పేరు. బాగా ఆలోచించి పెట్టుకున్న ఏర్పాటే.

ఇంగ దీవులు వదిలి మన గడ్డకు వద్దాం. మన అనంతపురం చుట్టూ సముద్రం లేదు, అసలు నీళ్లే లేవు. కానీ పెద్ద ఆటలకు సంబంధించినంతవరకు ఇదీ దీవి వంటిదే. టెన్నిస్ అంటే హైదరాబాదు, చెన్నై, బెంగుళూరు క్లబ్బులు. సానియా మీర్జా 2005లో హైదరాబాదులో ప్రపంచస్థాయి సింగిల్స్ టైటిల్ గెలిచినప్పుడు కూడా అది నగరం సంగతిగానే ఉండింది. ఇక్కడి పల్లెలో ఆ ఆట ఆడాలనుకున్న పిల్లకు కోర్టూ లేదు, కోచ్చూ లేడు, ఎదుట నిలబడేవాళ్లూ లేరు.

అట్లాంటి చోట 2010 అక్టోబరులో ప్రపంచంలోకెల్లా పెద్ద ఆటగాడు రాఫెల్ నాదల్ అనంతపురం వచ్చి టెన్నిస్ బడి ప్రారంభించాడు. అంతకు ఒక నెల ముందే ఆయన న్యూయార్క్‌లో గెలిచి, నాలుగు పెద్ద పోటీలూ గెలిచినవాళ్ల వరసలో చేరాడు. ఆయన ఏంటికి అనంతపురమే వచ్చాడు? కారణం ఉంది. స్పెయిన్ దేశపు ఫాదర్ విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి, భార్య అన్నే ఫెర్రర్‌తో కలిసి ఆర్.డి.టి. సంస్థను నడిపిన సంగతి మన జిల్లాల్లో చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. 2009లో ఆయన చనిపోయారు. ఆయన వల్ల స్పెయిన్‌లో చానామందికి అనంతపురం అనే పేరు తెలిసింది. నాదల్ కూడా స్పెయిన్‌వాడే. తన పేరుతో పెట్టిన సంస్థ ద్వారా ఆర్.డి.టి.తో కలిసి ఈ బడి పెట్టించాడు. ఆ సంస్థను చూసుకునేది ఆయన తల్లి. ఇంకో తమాషా, నాదల్ పుట్టింది కూడా ఒక దీవిలోనే! మధ్యధరా సముద్రంలోని మయోర్కా దీవిలో, మనకోర్ అనే ఊరిలో.

ఆ బడిలో టెన్నిస్ ఒక్కటే చెప్పరు. ఆటతోపాటు ఇంగ్లీషు, కంప్యూటరు నేర్పడం, పిల్లలకు బలమైన తిండి పెట్టడం మొదటి నుండి ఉన్న పద్ధతి. ఆడపిల్లలు, మగపిల్లలు కలిసే నేర్చుకుంటారు. వచ్చేది పేద కుటుంబాల పిల్లలు. వాళ్లందరూ నాదల్‌లు అవుతారని ఎవరూ చెప్పలేదు, అట్ల చెప్తే నేను నమ్మను కూడా. తెల్లగీతల మధ్య కులం ఊరు అడగకుండా రోజుకొక గంట ఆడి, ఇంగ్లీషులో నాలుగు మాటలు ధైర్యంగా మాట్లాడగలిగితే అదే లాభం.

చాలామంది ఈ బడి గురించి చెప్పినప్పుడు నాదల్ వచ్చిన రోజు గురించే చెప్తారు. నాకైతే ఆయన వెళ్లిపోయిన మరుసటి రోజు మీదే ఆసక్తి. మరుసటి రోజు సాయంత్రం గంపలో బంతులు పెట్టుకుని వరసలో నిలబడ్డ పిల్లలకు ఒక్కొక్కటే అందించిన కోచ్ పేరు ఏ పేపర్లోనూ రాదు. దీవుల సమాఖ్య విషయంలో చెప్పినట్టే, ఆట నిలబడేది ఆ మనిషి మీద.

రెండు చోట్లకూ ఒక తేడా ఉంది, అది గమనించాలి. పసిఫిక్ దీవులకు సాయం చేసేది టెన్నిస్ సమాఖ్యే. దీవులు అందులో సభ్యులు, కాబట్టి అడిగే హక్కు వాళ్లకుంది. అనంతపురంలో ముందుకొచ్చింది ఒక సేవా సంస్థ, ఒక ఆటగాడి మంచి మనసు. మంచి మనసు గొప్పదే, కానీ అది ఒక చోట ఉంటుంది, ఇంకో చోట ఉండదు. అనంతపురంలో ఉన్నది లేపాక్షిలో లేదు. మనకు అడిగే హక్కు ఎక్కడుందంటే స్కూల్ గేమ్స్‌లో ఉంది. వాటి ఆటల పట్టీలో టెన్నిస్ కూడా ఉంది. మన బడి నుండి ఆ ఆటకు పేరు పంపకూడదని ఎక్కడా రాసిలేదు. పేరు పంపాలంటే ముందు ఒకరికైనా ఆడటం రావాలి, అంతే.

"కోర్టు యాడుంది?" అని అడుగుతారు. దీనికి జవాబు ప్రపంచ సమాఖ్యే చెప్పింది. ఏడెనిమిదేళ్ల పిల్లవాడిని 78 అడుగుల కోర్టులో నిలబెడితే వాడికి దొరికేది అలసట ఒక్కటే. కొత్త బంతి ఎగిరి వాడి తల మీదుగా పోతుంది. అందుకని 2007లో మూడు రకాల మెత్తని బంతులతో చిన్న కోర్టుల పద్ధతి ప్రచారంలోకి తెచ్చారు. ఎర్ర బంతి మామూలు బంతి కంటే 75 శాతం నెమ్మది, నారింజరంగు బంతి 50 శాతం, ఆకుపచ్చ చుక్క బంతి 25 శాతం నెమ్మది. ఎర్ర బంతి కోర్టు పొడవు 36 అడుగులే, వెడల్పు 18 నుండి 20 అడుగులు చాలు. వల ఎత్తు 2 అడుగుల 7 అంగుళాలు. 2012 నుండి పదేళ్ల లోపు పిల్లల పోటీల్లో మామూలు పసుపు బంతి వాడకూడదని నియమమే పెట్టారు. పెద్ద కోర్టు వెడల్పు 36 అడుగులే కాబట్టి దానికి అడ్డంగా ఇట్లాంటి చిన్న కోర్టులు నాలుగు పడతాయి. ఒక్క కోర్టులో ఎనిమిది మంది ఆడుకోవచ్చు. బంతులు, కోర్టులు కొరతగా ఉన్న దీవుల్లో ఇది ఎంత పనికొచ్చివుంటుందో ఊహించండి.

నేల గురించి బెంగపడనక్కరలేదు. నాదల్ పద్నాలుగు సార్లు గెలిచిన పారిస్ పోటీ సిమెంటు మీద జరగదు. సున్నపురాయి మీద పలచగా చల్లిన ఎర్ర ఇటికపొడి మీద జరుగుతుంది. మన ఎర్రమట్టిని చూసి నామోషీ పడవలసిన పని లేదు. రాళ్లు ఏరి, నీళ్లు చల్లి, దిమ్మిసతో గట్టిగా కొడితే మొదటి మెట్టుకు సరిపోతుంది. వలకు బదులు రెండు గుంజల మధ్య తాడు కట్టి దాని మీద పాత గోతాలు ఆరేసినా చాలు. రాకెట్టుకు బదులు వడ్రంగి చేత పలక కోయించి పిడి పెట్టించుకోవచ్చు. ఈ ఏర్పాట్లకు వార్డెన్ గారి అనుమతి, పి.ఇ.టి. సారు సాయం కావాలి. వారిద్దరూ ఈ గోడపత్రిక ప్రతిసారీ చదువుతారు కాబట్టి వేరే అర్జీ రాయడం లేదు. ఖోఖో గుంజలకు తూర్పున వేపచెట్టు దాకా ఖాళీగా ఉన్న జాగాను అడుగులతో కొలిచాను. పొడవు 50 అడుగుల దాకా వస్తుంది, వెడల్పుకు కొరత లేదు.

ఇంగ బంతులు. నియమం ప్రకారం కొత్త టెన్నిస్ బంతిని 8 అడుగుల 4 అంగుళాల ఎత్తు నుండి గట్టి నేల మీదికి వదిలితే 4 అడుగుల 5 అంగుళాలకూ 4 అడుగుల 10 అంగుళాలకూ మధ్య పైకి లేవాలి. మనం క్రికెట్టుకు పనికిరాదని పక్కన పడేసిన పాత బంతులు అంత లేవవు. పెద్ద ఆటకు అవి చచ్చినవే, కానీ చిన్న కోర్టుకు కావలసింది సరిగ్గా అట్లాంటి నెమ్మది బంతులే. కాబట్టి ఎవరి ట్రంకుపెట్టెలో, ఎవరి మంచం కింద పాత బంతులున్నాయో తీయండి. డైనింగు హాలు గోడ మీద 8 అడుగుల 4 అంగుళాల దగ్గర, మళ్లీ 3 అడుగుల దగ్గర సుద్దముక్కతో గీతలు గీశాను. కింద సిమెంటు నేల ఉంది. స్టూలు ఎక్కి పై గీత దగ్గర నుండి బంతిని తోయకుండా ఊరికే వదలండి, ఒకరు కింద నిలబడి ఎంతవరకు లేచిందో చూడండి. పగుళ్లు లేకుండా కింది గీత దగ్గరికి వచ్చే బంతులు ఎన్ని ఉన్నాయో, ఎవరెవరి దగ్గర ఉన్నాయో ఈ పత్రిక కింద అంటించిన తెల్లకాగితంలో శనివారం లోపల రాయగలరు.